పక్కచెట్టుకి తగిలించిన అమ్మ గొంతు

మ్యూజియం తెరిచిన రోజున, పెద్దవాళ్లంతా నోరెళ్లబెట్టి చూస్తుండగా, బాడిస అనే మనిషి చెట్టు కొమ్మని రంపంతో కోసి భుజాన వేసుకుని నడిరోడ్డు మీద నడిచాడని మా వీధిలో చెప్పుకుంటారు. బస్సులు ఆగిపోయాయట. ఒక డ్రైవరు దిగి సెల్యూట్ కూడా కొట్టాడట. నేను చూశానని ఒట్టేసి చెప్పేవాడు ఒక్కడూ దొరకడు. ఈ కథ చెప్పనివాడూ దొరకడు. రంపం సంగతి మాత్రం నేను నమ్మను. ఆ మనిషి రంపం పట్టుకుంటే కొమ్మతో ఆగే రకం కాదు.

బాడిస మా వీధి వడ్రంగి. నా కుట్టుమిషను ముందున్న కిటికీ తెరిస్తే ఎదురుగా కనపడేది అతని కొట్టే. బాడిస అంటే కొయ్య చెక్కే పనిముట్టు. ఈ మనిషితో కాసేపు మాట్లాడితే ఎంతటివాడికైనా పైన ఒక పెచ్చు లేచిపోతుంది కాబట్టి పేరు అలా అతుక్కుపోయింది. టీ చల్లారిందని కోపం, కాలిందని కోపం. వాన పడితే చెక్క ఉబ్బుతుందని ఆకాశాన్ని తిడతాడు. ఎండ కాస్తే చెక్క బీటలిస్తుందని అదే ఆకాశాన్ని మళ్లీ తిడతాడు. అతను తుమ్మితే మా వీధి కుక్కలు సందు మారిపోతాయి.

పనిలో మాత్రం దేవుడే దిగొచ్చి వంక పెట్టాలి. మేకు కొట్టడు, జిగురు పూయడు. మేకు కొట్టేవాడిని వడ్రంగి అనకండి, దొంగ అనండి అంటాడు. ఒక కొయ్యలో కన్నం తొలుస్తాడు, రెండో కొయ్య మొదలుని చెక్కి అందులో దూరుస్తాడు, అడ్డంగా ఒక చెక్క చీల కొడతాడు. అంతే, ఏనుగెక్కినా ఊడదు. ఇంకో పట్టింపు ఉంది. జీవితమంతా అతను తొలిచిన కన్నాలన్నీ ఒకే కొలత. మా వీధిలో అందరివీ అద్దె ఇళ్లు, అందరివీ మారే సామాన్లు. ఒకరి మంచం కాలు ఇంకొకరి బల్లకి సరిపోవాలి, అదీ పనితనం అంటాడు. నా స్టూలు కాలు విరిగితే వాళ్లింటి పాత ఊయల కాలు తెచ్చి బిగించాడు. ఇప్పటికీ ఆ స్టూలు మీద కూర్చుంటే నాకు నిద్రొస్తుంది.

ఆ ఒకే కొలతే తర్వాత అతని కొంప ముంచింది. అక్కడికే వస్తున్నాను.

బాడిస అమ్మ ఎక్కడో కొండల్లో పుట్టిన మనిషి. ఆమె మాట్లాడే భాష మా వీధిలో ఎవరికీ ముక్క అర్థమయ్యేది కాదు. ఆమె కోడలు, అంటే బాడిస పెళ్లాం, నాకు వదిన వరస, అదే కొండల నుంచి వచ్చింది. రెండు ఊళ్ల మధ్యన ఒక వాగు అడ్డం, అంతే. కానీ ఈవిడ భాష వేరు, ఆవిడ భాష వేరు. ఇద్దరూ ఒకే వంటింట్లో బతికినన్నాళ్లూ పోట్లాడుకున్నారు, ఎవరి భాషలో వాళ్లు. అర్థం కాకపోవడం వల్లే ఆ ఇల్లు నిలబడిందని నా అభిప్రాయం.

ముసలామె పోయింది. బాడిసకి ఆమె భాష పూర్తిగా రాదు. బడికెళ్లిన దగ్గర్నుంచి ఆమె ఆ భాషలో అడిగితే ఇతను మన భాషలో జవాబు చెప్పేవాడు. చివరికి మిగిలినవి పిడికెడు మాటలు, అవీ స్నానం చేయించేటప్పుడు తల్లి అనే మాటలు. కన్ను మూసుకో, చెయ్యి ఇటివ్వు, ముక్కు చీదు, నీళ్లు చల్లగా ఉన్నాయా. పని చేస్తూ ఎవరూ వినడం లేదనుకున్నప్పుడు ఆ నాలుగు మాటలూ గొణుక్కునేవాడు. నా చెవి సంగతి అతనికి తెలియదు.

అలాంటి ఇంటికి ఒక మధ్యాహ్నం భాషల మేడమ్ వచ్చింది. చదువుకునే రోజుల్లో ఈవిడే టేపురికార్డరు పట్టుకుని వచ్చి, బాడిస అమ్మని పొద్దుగూకేదాకా మాట్లాడించి వెళ్లిందట. ఇప్పుడు మ్యూజియంలో భాషల గది మొత్తం ఆమె చేతిలో ఉంది. భాషల కుటుంబాలని చెక్క చెట్లుగా నిలబెట్టాలి, ఒక్కో భాష ఒక్కో కొమ్మ, కొమ్మ చివర చెవికి పెట్టుకునే గొట్టం, అందులో ఆ భాష మాట్లాడే మనిషి గొంతు. ఇదీ ఆమె ఆలోచన.

"ఒక కొమ్మకి మీ అమ్మగారి గొంతు పెడుతున్నాం" అంది.

బాడిస చేతిలో ఉలి కింద పెట్టాడు. అతను ఉలిని కింద పెట్టగా నేను చూడటం అదే మొదలు.

"ఆ టేపు ఇంకా ఉందా, మేడమ్‌గారూ?"

"ఉంది. శుభ్రం చేయించాను. స్పష్టంగా వినిపిస్తుంది."

"ఏం మాట్లాడింది?"

"చాలాసేపు మిమ్మల్ని తిట్టింది."

"అయితే అది మా అమ్మే" అన్నాడు.

మేడమ్ కాగితం పరిచి బొమ్మ చూపించింది. ఒకటి ద్రావిడ చెట్టు, ఒకటి ఇండోయూరోపియన్ చెట్టు, మూడోది నోరు తిరగని పేరు, ఆస్ట్రోఏషియాటిక్. ఆ మూడో చెట్టుకి ఒక పక్కన ముండా అనే కొమ్మ ఉంది. ముండా అనేది ఆ కొండల్లో ఒక జాతి పేరట. ఆ భాషకి అక్కచెల్లెళ్లయిన భాషలన్నింటినీ కలిపి పండితులు అదే పేరుతో పిలుస్తారట. బాడిస అమ్మది ఆ జాతే. రెండో పక్కన ఉన్న కొమ్మలు వియత్నాం, కంబోడియా వాళ్లవి.

బాడిసకి మండింది. "మా అమ్మకీ వాళ్లకీ ఏంటి సంబంధం? సముద్రం అవతలోళ్లు. మా అమ్మకి ఈత కూడా రాదు. పక్కనున్న ద్రావిడ చెట్టు మీద పెట్టండి. మా ఆవిడ భాష అక్కడే కదా ఉంది. వాగు దాటితే చాలు."

"పక్కపక్కన ఉన్నంత మాత్రాన బంధువులైపోరండీ. ఒకప్పుడు పండితులు కూడా మీలాగే అనుకుని రెండింటినీ ఒకే గంపలో వేశారు. తర్వాత విడదీశారు. సంతలో వినపడే మాటలు చూస్తే కలిసినట్టే ఉంటాయి. గిన్నె పేరు, బట్ట పేరు, పంట పేరు ఎవరి దగ్గర్నుంచైనా తెచ్చుకుంటాం. కన్నుకీ ముక్కుకీ పేరు అరువు తెచ్చుకోవడం చాలా అరుదు. మీ అమ్మగారు ముక్కుని ఏమనేవారు?"

బాడిస అటూ ఇటూ చూశాడు. "మూ" అన్నాడు, దొంగసరుకు బయటపెట్టినట్టు.

"వియత్నాంలో మూయ్ అంటారు. కన్ను?"

"మెద్."

"అక్కడ మత్. చెయ్యి?"

"తీ."

"తై అంటారు. ఒక్క మాట కలిస్తే కాకతాళీయం అనుకోవచ్చు. ఇలాంటివి వరసపెట్టి కలుస్తాయి. కలిసే తీరుకి కూడా ఒక పద్ధతి ఉంటుంది. ఎవరు ఎటు నుంచి ఎటు వెళ్లారన్నది మాత్రం మేం ఇంకా తన్నుకుంటున్నాం."

బాడిస పక్కనున్న కొయ్య నిమిరాడు. "అంటే పైన రంగు చూడొద్దు, లోపల నార చూడమంటారు."

"అంతే."

"మరి ఆ ముక్క ముందే చెప్పక ఈ కాగితాలెందుకు?" అని ఆమె మీద కూడా కోప్పడ్డాడు.

మేడమ్ వెళ్లాక వదిన గుమ్మంలోంచి అంది: "మీ అమ్మది వేరే చెట్టని పెళ్లైన వారానికే నేను చెప్పాను. పరీక్ష రాయకుండానే."

"నువ్వు నోరు మూసుకో."

"ఏ భాషలో మూసుకోను?"

అక్కడి నుంచి బాడిస తిండి మానేశాడంటే అబద్ధమవుతుంది కానీ, తింటూ కూడా చిత్రిక పట్టాడు. మూడు చెట్లూ చేశాడు. మిగిలిన కొమ్మలన్నీ మామూలు కొయ్య. ముండా కొమ్మకి మాత్రం తన పెళ్లికని దాచుకుని వాడకుండా వదిలేసిన టేకు దుంగ తీశాడు. దాన్ని ఎంత నునుపు చేశాడంటే ఈగ వాలి జారిపడింది, నేను చూశాను. మూడో చెట్టు మాను అన్నిటికన్నా లావుగా వచ్చింది. సముద్రం దాటి వెళ్లిన చెట్టు సన్నగా ఉంటే ఎలా అన్నాడు. చెక్కిన కొమ్మ మొదళ్లన్నీ, తొలిచిన కన్నాలన్నీ ఎప్పటిలాగే ఒకే కొలత. ఆ సామానంతా లారీ ఎక్కించి, ముండా కొమ్మని మాత్రం తానే చంటిబిడ్డలా మోసుకెళ్లి మ్యూజియంలో అప్పగించి వచ్చాడు. అమ్మ గొంతు అందులో పెట్టాకే వింటానన్నాడు. ముందు వినమని మేడమ్ అడిగినా ఒప్పుకోలేదు.

మ్యూజియంలో ఒక మేనేజరు ఉన్నాడు. చొక్కా మీద ముడత కనపడని మనిషి, కూర్చుంటే ముడత పడుతుందని నిలబడే అన్నం తింటాడని వదిన అంటుంది. అందుకే మేం ఇస్త్రీ మేనేజరు అంటాం. తెరిచే రోజు దగ్గర పడుతుండగా నిప్పు ప్రమాదాల తనిఖీ వాళ్లు వచ్చి, వెనక గోడకున్న అత్యవసర ద్వారానికి ఏదీ అడ్డం ఉండకూడదన్నారు. మూడో చెట్టు నిలబడింది సరిగ్గా అక్కడే. ఇస్త్రీ మేనేజరు రెండో ఆలోచన చేయలేదు. ఆ లావు మానుని వెనక పెరట్లో పడేయించాడు. సముద్రం అవతలి కొమ్మలని గోదాములో తోయించాడు. ముండా కొమ్మ బాగుంది కదా, పారేయడమెందుకని, తీసుకెళ్లి ద్రావిడ చెట్టుకి తగిలించమన్నాడు. ఆ చెట్టులో ఇంకా కొమ్మ పెట్టని కన్నం ఒకటి ఖాళీగా ఉంది. కూలీలు తగిలించారు. ఠక్కుమని కూర్చుంది. బాడిస కొలత కదా, కూర్చోకేం చేస్తుంది.

మేడమ్ అడ్డం చెప్పిందట. తర్వాత చూద్దాం, ముందు తెరవనివ్వండి అన్నాడట. ఆమె ఊరుకుంది. అంత చదివిన మనిషి ఎందుకు ఊరుకుందో నాకు ఇప్పటికీ ఒళ్లు మంటే. తన పేరు గోడ మీద పెద్దక్షరాలతో ఉంది, అంతకన్నా నేను చెప్పను.

తెరిచే రోజు బాడిస ఉతికిన చొక్కా వేసుకుని, వదినని వెంటేసుకుని వెళ్లాడు. ఇక్కడి నుంచి వదిన చెప్పింది కొంత, గుచ్చి గుచ్చి అడిగి నేను రాబట్టింది కొంత. ఆమె ఒకరోజు జరిగిందంటుంది, ఒకరోజు నాకేం తెలుసంటుంది.

గదిలోకి వెళ్లగానే అతను మూడో చెట్టు కోసం వెతికాడు. లేదు. వెనక గోడ ఖాళీగా ఉంది, తలుపు మాత్రం ఉంది. తర్వాత తన టేకు కొమ్మ కనపడింది. ద్రావిడ చెట్టు మీద, వదిన భాష కొమ్మకి భుజం రాసుకుంటూ. వెళ్లి గొట్టం చెవికి పెట్టుకున్నాడు. విన్నాడు. గొట్టం తీసి మెల్లగా తగిలించాడు. అతను మెల్లగా కదిలితే ఏం జరగబోతోందో వదినకి తెలుసు. చేతిసంచి గట్టిగా పట్టుకుంది.

"ఎవడు పెట్టాడు దీన్ని ఇక్కడ?"

ఇస్త్రీ మేనేజరు అతిథుల మధ్య నుంచి నవ్వుకుంటూ వచ్చాడు. "ఏం మేస్త్రీ, బాగా కుదిరింది కదా. మీ పనితనం అది. ఎక్కడ పెడితే అక్కడ పడుతుంది."

ఆ మాటే అతనికి గుచ్చుకుంది. అన్నాళ్లూ తల ఎగరేసి చెప్పుకున్న పనితనం. ఆ ఒక్క కన్నం అర అంగుళం తేడాగా తొలిచి ఉంటే వాళ్లమ్మ ఈ గోడ ముందు ఇలా వేలాడేది కాదు.

"ఇది ఈ చెట్టు కొమ్మ కాదు. దీని మాను ఏది?"

"దానికి చోటు లేదయ్యా. తలుపుకి అడ్డం. అయినా ఎవడు చూస్తాడు? అవీ కొండభాషలే, ఇవీ కొండభాషలే. పక్కపక్కన ఉండేవాళ్లేగా. పైగా ఆ పేరొకటి." గొంతు తగ్గించి పళ్లికిలించాడు. "గోడ మీద అంత పెద్దగా ఆ మాట రాస్తే, ఆడవాళ్లూ పిల్లలూ వచ్చేచోట బాగుంటుందా చెప్పు."

"అది మా అమ్మ వాళ్ల జాతి పేరు" అన్నాడు బాడిస. "నీ నోట్లోకి రాగానే బూతైతే, కడుక్కోవాల్సింది నీ నోరు."

మేనేజరు చొక్కాకి మొదటిసారి ముడత పడిందని వదిన అంటుంది. ఇది నేను నమ్ముతాను.

బాడిస మేడమ్ వైపు తిరిగాడు. "మీరే కదా నా కొట్లో కూర్చుని నాతో ముక్కు అనిపించారు, కన్ను అనిపించారు. ఆ మాటలు నా పెళ్లాం ముందు కూడా నేను అనలేదు. నమ్మి అన్నాను. తీరా అమ్మని తీసుకొచ్చి ఎవరి పంచనో కట్టేస్తుంటే చూస్తూ నిలబడ్డారు. వీడంటే తెలియనివాడు. మీకేమైంది?"

మేడమ్ గోడ మీదున్న తన పేరు వైపు చూసింది.

అప్పుడు వదిన ముందుకొచ్చింది. అత్త బతికుండగా ఆవిడ గురించి ఒక్క మంచి మాట అనని వదిన. మేనేజరు ఛాతీకి ఎదురుగా నిలబడి, "ఏం బాబూ, మా చెట్టు మీద మా అత్తని ఎవరినడిగి ఎక్కించావు?" అంది. "నాతో అన్నేళ్లు ఒక కప్పు కింద ఉండి, మా భాషలో ఒక్క ముక్క మాట్లాడలేదు ఆవిడ. నేను కాళ్లు పట్టుకున్నా మాట్లాడలేదు. అంత పంతం. ఆ పంతం నేను విరవలేకపోయాను. పోయాక నువ్వొచ్చి విరుస్తావా?"

ఆ మాటతో బాడిస బొటనవేలు చీల మీద పెట్టాడు. రంపం లేదు, గొడ్డలి లేదు. అతను చెక్కిన చీల ఉత్త వేలికి లొంగేది అతనికొక్కడికే. నొక్కాడు, చీల అటువైపు రాలింది, కొమ్మ అతని చేతిలోకి వచ్చింది. గొట్టం తీగ తెగింది. ప్రతి కొమ్మలోనూ బ్యాటరీతో నడిచే చిన్న పెట్టె ఉందట. చెవిగొట్టం పోయేసరికి అందులోని గొంతు గదంతా వినపడసాగింది. ముసలామె తిట్లు, ఆపకుండా, నవ్వుతూ. ఎవరికీ అర్థం కాలేదు, అందరూ విన్నారు.

"పట్టుకోండి" అన్నాడు మేనేజరు. కాపలావాళ్లు ముందుకు రాలేదు. అమ్మ తిడుతున్న కొడుకు మీద చెయ్యి ఎవడేస్తాడు.

బాడిస కొమ్మని భుజానికెత్తుకుని వెనక తలుపు దగ్గరికి నడిచాడు. దాని మాను ఆ తలుపు అవతల పెరట్లో ఉంది. గడియ లాగాడు. రాలేదు. వంగి చూస్తే తాళం. తుప్పు పట్టిన తాళం, ఏ కాలంలో వేశారో తెలియని తాళం. ఏ తలుపుకి అడ్డమని వాళ్లమ్మ చెట్టుని బయటికి గెంటారో ఆ తలుపు అసలు తెరుచుకోదు.

వదిన అంటుంది, ఆయన అప్పుడు కేకలేస్తాడనుకున్నానని. వేయలేదు. తాళాన్ని ఒకసారి ఊపి, మేనేజరు వైపు చూసి, "తాళంచెవి ఎక్కడ?" అని మాత్రం అడిగాడు. ఎవరికీ తెలియదు. మేనేజరు జేబులు తడుముకున్నాడు, పాపం, ఇస్త్రీ మొత్తం పోయింది.

అందుకే బాడిస ముందు గుమ్మంలోంచి బయటికొచ్చి, గోడ చుట్టూ తిరిగి, వెనక గేటు దాకా వీధిలో నడిచాడు. భుజాన కొమ్మ, కొమ్మలో అమ్మ. మా వీధి బస్సుల కథ పుట్టింది ఇక్కడే అని నా అనుమానం. బస్సు ఆగిందో లేదో గానీ, వెనకాల అతిథులు వచ్చారు, కాపలావాళ్లు వచ్చారు, చివరికి మేడమ్ కూడా చెప్పులు చేతపట్టుకుని పరిగెత్తింది.

పెరట్లో మాను పక్కకి ఒరిగి తడిసి ఉంది. బాడిస ఒక్కడే లేపబోయాడు, లేవలేదు. మేడమ్ ఒక పక్క చెయ్యి వేసింది. అతను "మీరు వద్దు" అన్నాడు. ఆమె చెయ్యి తీయలేదు. "తిట్టండి, కానీ లేపనివ్వండి" అంది. వదిన రెండో పక్క పట్టింది. నిలబెట్టారు. కొమ్మ దాని కన్నంలో పెట్టి చీల కొట్టాడు. ఆ రోజే మేడమ్ లోపలికి వెళ్లి మేనేజరుతో, ఆ చెట్టుకి అక్కడ కప్పు వేయించి మిగతా కొమ్మలు తగిలిస్తారా, లేకపోతే గోడ మీంచి నా పేరు తీయిస్తారా అని అడిగింది. అతిథులు వింటుండగా అడిగింది. ఆలస్యంగా వచ్చిన నోరైనా వచ్చింది కదా.

ఇప్పుడు ఆ చెట్టు పెరట్లోనే ఉంది, రేకుల కప్పు కింద. గోదాములోని కొమ్మలు కూడా వచ్చి చేరాయి. దాన్ని చూడాలని జనం అడుగుతున్నారని ఆ తాళం పగలగొట్టారు, తలుపు ఇప్పుడు పొద్దంతా తెరిచే ఉంటుంది. లోపల ద్రావిడ చెట్టుకి మాత్రం ఒక ఖాళీ కన్నం కనపడుతుంది. పూడ్చమంటే బాడిస పూడ్చడు.

ఇదంతా నేను ఒక సాయంత్రం కొట్టు మెట్ల మీద కూర్చుని అతనికే చెప్పాను. చిత్రిక పడుతూ విన్నాడు. ఒక్కసారి కూడా తలెత్తలేదు.

"అబద్ధం" అన్నాడు.

"ఏది అన్నా?"

"మొత్తం. ఆ రోజు నేను మ్యూజియంకే పోలేదు. జ్వరం."

"మరి కొమ్మ ఎలా ఊడింది?"

"గాలికి."

"గదిలో గాలెక్కడిది?"

"ఏసీ పెట్టారుగా." రెండుసార్లు చిత్రిక తోసి ఆగాడు. "మీ వదిన మా అమ్మ తరఫున మాట్లాడిందన్నావు చూడు, అక్కడే నీ అబద్ధం దొరికిపోయింది. అది మా అమ్మని ఒక్క మాట పొగిడినా ఆకాశం ఊడిపడేది."

"పొగడలేదు అన్నా. పంతం మనిషంది."

"ఆ ముక్కూ కన్నూ గొడవ కూడా నువ్వు కల్పించిందే. నాకు ఆ భాష ఒక్క ముక్క రాదు. మా అమ్మ నన్ను ఎప్పుడూ తిట్టలేదు. నేనెవరి మీదా కోప్పడలేదు. లే, మెట్టు మీంచి లే, నీ పని చూసుకో."